మేనమామ దర్యాప్తు

మా ఇంట్లో పెళ్ళి సంబంధం ఏదొచ్చినా ఆరా తీసే పని ఒకరి నెత్తిన పడుతుంది. మా నాన్న తరంలో అది ఆయన పని. అబ్బాయి వాళ్ళ ఊరికి బస్సెక్కి వెళ్ళి, కిళ్ళీ కొట్టు దగ్గర సోడా తాగుతూ, ఫలానావాళ్ళ కుర్రాడు ఎలాంటివాడని యథాలాపంగా అడిగినట్టు అడిగి వచ్చేవాడు. డాలస్ పక్కన మేముండే ఫ్రిస్కోలో కిళ్ళీ కొట్టు లేదు. అయినా తెనాలి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, “అన్నయ్యా, అబ్బాయి మీ ఊళ్ళోనేనట. కాస్త కనుక్కో. అక్కడ అన్నీ కంప్యూటర్లోనే ఉంటాయటగా” అనేసరికి నాలో మా నాన్న లేచి కూర్చున్నాడు. పిల్లకి నేను మేనమామని. నేను కాకపోతే ఇంకెవరు కనుక్కుంటారు?

ఇక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అప్పటికి నా దృష్టిలో మాత్రం అది ఏటా ఇంటి పన్ను కట్టించుకునే ఆఫీసు. అంతకు మించి ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

అబ్బాయి పేరు రాయను. ముందు వెంకటో సాయో, వెనక కృష్ణో కుమారో ఉండి, గట్టిగా పిలిస్తే వీధిలో ఇద్దరు ముగ్గురు పలికే పేరనుకోండి. ఆ పేరు పట్టుకుని డబ్బు తీసుకుని జాతకాలు తవ్విపెట్టే సైటు ఒకదానిలోకి వెళ్ళాను. పేరు కొట్టగానే తెర మీద ఓ ఎర్రగీత నెమ్మదిగా పాకడం మొదలెట్టింది. జైలు రికార్డులు వెతుకుతున్నాం, కోర్టు రికార్డులు వెతుకుతున్నాం, మీరు చూడబోయేది మిమ్మల్ని కలవరపెట్టవచ్చు, సిద్ధమేనా అంటూ ఒక్కో మాటా వదిలింది. నేను క్రెడిట్ కార్డుతో సహా సిద్ధంగా ఉన్నాను.

అడుగున చీమతలల్లాంటి అక్షరాల్లో ఒక షరతు కూడా ఉంది. ఈ సమాచారాన్ని ఉద్యోగమివ్వడానికి, ఇల్లు అద్దెకివ్వడానికి, అప్పివ్వడానికి వాడరాదని. అమెరికాలో 1970లో వచ్చిన ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం అలాంటి పనులకి మనుషుల మీద నివేదికలిచ్చే కంపెనీలకి కొన్ని కట్టుబాట్లున్నాయి. వివరాలు సరైనవో కాదో చూసుకోవాలి. తప్పని ఎవరైనా మొత్తుకుంటే విచారించి దిద్దాలి. ఆ బాధ్యత మాకొద్దు బాబోయ్ అని ఈ సైటు ముందే చేతులు కడుక్కుందన్నమాట. నాకు అప్పుడు ఇంత అర్థం కాలేదు. పెళ్ళికి వాడకూడదని రాయలేదు కదా అని టిక్కు పెట్టేశాను.

పేరు, టెక్సాస్, కాలిన్ కౌంటీ, డిడబ్ల్యుఐ, అరెస్టు అని వచ్చింది. డిడబ్ల్యుఐ అంటే తాగి బండి నడపడం. తారీఖు, పుట్టిన సంవత్సరం, కేసు ఏమైందీ చూడాలంటే ఇంకా పెద్ద ప్లాను కట్టమంది. అనవసరపు ఖర్చెందుకని మానేశాను. మొత్తం వ్యవహారంలో నేను పొదుపు పాటించిన రెండు సందర్భాల్లో ఇది మొదటిది. రెండోది తర్వాత చెబుతాను.

తెనాలిలో తెల్లవారకముందే ఫోన్ చేసి చెల్లెలికి చెప్పేశాను. నేను చెప్పింది “తాగి దొరికాడట” అని. అది మా పెదనాన్నగారింటికి చేరేసరికి “జైలుకెళ్ళొచ్చాడట” అయింది. గుంటూరు దాటేసరికి “వెనక్కి పంపించేస్తున్నారట” అయింది. సంబంధం ఆగిపోయింది.

ఆఫీసులో ఒకాయన ఇదంతా విని, రాష్ట్రం పబ్లిక్ సేఫ్టీ శాఖవాళ్ళదే ఒక సైటుంది, చూశారా అనడిగాడు. చూశాను. ఒక్కో పేరు వెతకడానికి డాలరూ, పైన చిల్లరా. అబ్బాయి పేరు మీద ఏమీ రాలేదు. అప్పుడు నా బుర్ర చేసిన తర్కం వినండి: డాలరుకి ఏం సమాచారమొస్తుంది, నెలనెలా అంత గుంజేవాడు ఊరికే చెబుతాడా అని. ఆ ప్రభుత్వ సైటులోనైనా జనానికి చూపించేది శిక్షపడ్డ కేసులు, డిఫర్డ్ అడ్జుడికేషన్ కింద, అంటే తీర్పు వాయిదా వేసి షరతుల మీద వదిలిపెట్టిన కేసులే. అవి కూడా కౌంటీలు పంపితేనే. కొట్టేసిన కేసు అక్కడ కనిపించదు. కాబట్టి అక్కడ ఏమీ లేకపోవడం పూర్తి రుజువు కాదు. కానీ నేను దాన్ని కాదన్నది ఈ కారణంతో కాదు, చౌక అని.

మా బావగారు తాసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. కాయితం లేని మాట ఆయన చెవికెక్కదు. “బావగారూ, వాళ్ళకి వద్దని చెప్పేశాం. రేపెవరైనా అడిగితే మన దగ్గర కాయితం ఉండాలిగా. ఒక నకలు పంపండి” అన్నారు. నా మాట మీద అనుమానమా అని లోపల చిన్నబుచ్చుకున్నాను. మా ఆవిడ మాత్రం, “కాయితం సంగతి తర్వాత. ముందు ఆ పిల్లాడితో ఒక్కసారి మాట్లాడొచ్చుగా” అంది. దర్యాప్తు చేసేవాడు ముద్దాయితో మాట్లాడకూడదన్నాను. ఎక్కడ చదివానో గుర్తులేదు.

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. మనిషి ఎక్కడ కాపురముంటున్నాడన్నది లెక్కలోకి రాదు, నేరం ఎక్కడ జరిగిందంటున్నారో ఆ కౌంటీలోనే కేసు ఫైలు ఉంటుంది. మా ఫ్రిస్కోనే చూడండి, కొంత కాలిన్‌లో, కొంత డెంటన్‌లో. మనవాళ్ళు ఎక్కువగా ఉండే అర్వింగ్ డాలస్ కౌంటీ. ఒకే మనిషి ఉదయం ఇంట్లో, మధ్యాహ్నం ఆఫీసులో, సాయంత్రం స్నేహితుడింట్లో మూడు కౌంటీల్లో ఉండొచ్చు. నాకు సైటు పుణ్యమా అని కాలిన్ అని తెలుసు కాబట్టి 380 రోడ్డు పట్టుకుని మెకిన్నీలో బ్లూమ్‌డేల్ రోడ్డు మీదున్న కోర్టు భవనానికి వెళ్ళాను. చేతిలో ఫైలు, అందులో ఇంగ్లీషులో ఓ పేజీ నిండా అర్జీ.

లోపల డిస్ట్రిక్ట్ క్లర్క్ అని ఒక కిటికీ, కౌంటీ క్లర్క్ అని ఇంకోటి. మన దగ్గర జిల్లా కోర్టంటే పెద్దది కదా అని మొదటి వరసలో నిలబడ్డాను. నా వంతొచ్చాక తేలిందేమిటంటే, అక్కడ దొరికేవి ఫెలనీలు, అంటే పెద్ద నేరాల ఫైళ్ళు. మొదటిసారి తాగి నడిపినందుకు పెట్టే కేసు మామూలుగా క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. రక్తంలో మద్యం 0.15 గానీ అంతకు మించి గానీ ఉంటే క్లాస్ ఎ. అవి కౌంటీ కోర్టుల్లో నడుస్తాయి, ఫైళ్ళు కౌంటీ క్లర్క్ దగ్గరుంటాయి. అన్ని కౌంటీల్లోనూ ఇలాగే అనుకోకండి. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో రెండు రకాలూ డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తారు. ఇక వేగంగా నడిపినందుకు జరిమానాల్లాంటి క్లాస్ సి కేసులు జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులకీ, ఊళ్ళ మున్సిపల్ కోర్టులకీ పోతాయి. ఊరి మున్సిపల్ కోర్టు కేసు కావాలంటే ఆ ఊరి కోర్టునే అడగాలి.

రెండో కిటికీలో ఉన్నావిడకి నా అర్జీ ఇచ్చాను. టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ ప్రకారం, పౌరుడిగా నాకున్న హక్కు మేరకు అని మొదలుపెట్టి దంచి రాశాను. ఆవిడ చదివి, నవ్వకుండా తిరిగి ఇచ్చింది. అది ఆవిడ సంస్కారం. ఆ చట్టం 1973 నాటిది. షార్ప్‌స్టౌన్ షేర్ల కుంభకోణంలో పెద్ద పెద్దవాళ్ళ పేర్లు బయటపడ్డాక వచ్చింది. పోలీసులకి, షెరీఫ్‌కి, నగరాలకి వర్తిస్తుంది. పోలీసుల రిపోర్టు కావాలంటే దాని కింద రాసి అడగొచ్చు. ఎందుకని వాళ్ళు అడగకూడదు, ఇవ్వడానికి వీల్లేదనుకుంటే పది పనిదినాల్లోగా అటార్నీ జనరల్‌ని అభిప్రాయం అడగాలి. కోర్టులకి మాత్రం ఆ చట్టం వర్తించదు. కోర్టు కేసుల ఫైళ్ళు ఎలాగూ తెరిచే ఉంటాయి. అర్జీ అక్కర్లేదు, హక్కుల ప్రసంగమూ అక్కర్లేదు. కాజ్ నంబరు, అంటే కేసు నంబరు చెప్పాలి, అది లేకపోతే పేరు, పుట్టిన తేదీ.

పుట్టిన తేదీ నా దగ్గరుంది, జాతకంతో సహా. బయోడేటా తీసి చూపించాను. ఆవిడ కొట్టి చూసి, ఈ పేరుతో ఒక కేసుంది కానీ పుట్టిన తేదీ ఇది కాదే అంది.

ఇక్కడ నేను వాడిన తెలివి జీవితంలో ఇంకెక్కడా వాడలేదు. “అమ్మా, మా దేశంలో చాలామందికి రెండు పుట్టినరోజులుంటాయి. ఒకటి పంచాంగానికి, ఒకటి బడికి. బళ్ళో వేసేటప్పుడు మాస్టారు తనకి తోచిన తేదీ రాసేస్తారు. పాస్‌పోర్టులో అదే పడుతుంది” అని సవివరంగా బోధించాను. నాకూ అలాంటివి రెండున్నాయి కాబట్టి గొంతులో నమ్మకం కూడా పలికింది. ఆవిడ ఓపిగ్గా విని, “ఆ రెంటికీ ఎనిమిదేళ్ళు తేడా ఉంటుందా సర్?” అంది.

“కొందరికి ఉంటుంది” అన్నాను.

ఇంకేమంటుంది! కాజ్ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి, నకళ్ళు పేజీకి డాలరు, కోర్టు ముద్రతో సర్టిఫైడ్ కావాలంటే పైన ఇంకో అయిదు డాలర్లు అంది. తెనాలిలో ఈ ముద్ర ఎవడు చూడొచ్చాడని మామూలువే తీసుకున్నాను. నేను చెప్పిన రెండో పొదుపు ఇదే. ఈ వివరాలు కౌంటీ సైటులో ఇంట్లో కూర్చునే ఉచితంగా చూసుకోవచ్చని కూడా ఆవిడే చెప్పింది. విని తలూపాను.

నకళ్ళొచ్చేలోగా ఊరుకోలేక అక్కడ జనం కోసం పెట్టిన కంప్యూటర్లో నా పేరు కొట్టాను. మొదట ఇంటిపేరు ఒక గడిలో, పెట్టిన పేరు ఇంకో గడిలో వేస్తే ఏమీ రాలేదు. తారుమారు చేస్తే వచ్చింది. మన పేర్లతో ఇదో తంటా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకి ఇక్కడ మొదటి పేరే ‘ఎఫ్‌ఎన్‌యూ’, అంటే ‘మొదటి పేరు తెలియదు’ అయిపోతుంది. లక్ష్మి ఒకచోట కె.ఎస్. అక్షరాలతో, ఇంకోచోట ఎక్స్‌తో ఉంటుంది. ఒక్క అక్షరం తేడా పడితే ఉన్న కేసు కనబడదు, లేదా పక్కవాడి కేసు మన ఒళ్ళో పడుతుంది. తెర మీద వచ్చింది ఎప్పుడో టోల్‌వే మీద వేగంగా పోతూ ట్రూపర్‌కి, అంటే రాష్ట్ర పోలీసుకి దొరికిన నా కేసు. డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసు చేశాక కొట్టేశారు. టెక్సాస్‌లో అదీ క్లాస్ సి మిస్‌డిమీనరే. అంటే నేను వెదికిన పద్ధతిలో నన్నెవరైనా వెదికితే, నేరచరిత్ర ఉన్న మేనమామని. ఆ పక్కనే ఇంకొకాయన కూడా ఉన్నాడు, అక్షరం పొల్లుపోకుండా నా పేరే. ఆయనెవరో నాకు ఈనాటికీ తెలియదు.

కాయితాలు తీసుకుని కారులో కూర్చుని చదివాను. పోలీసు ప్రమాణం చేసి రాసిచ్చిన అఫిడవిట్, ప్రాసిక్యూటర్ దాఖలు చేసిన అభియోగపత్రం, బెయిలు బాండు. సంఘటన జరిగింది 2017లో. మా బయోడేటా కుర్రాడు 2018లో విజయవాడలో బీటెక్ పూర్తిచేశాడు. 2017లో ఈ దేశమే చూడలేదు. బాండు మీద ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. బయోడేటాలో అయిదడుగుల ఏడంగుళాలని ఉంది, పెళ్ళి బయోడేటా కాబట్టి ఆరే అనుకోవాలి. ఇల్లు వేరు, సంతకం వేరు. పుట్టిన సంవత్సరం గురించి చెప్పనే అక్కర్లేదు, కిటికీలో ఉన్నావిడ చెప్పనే చెప్పింది.

ఆఖరి కాయితం ఇంకా ఘోరం. ప్రభుత్వం తరఫునే వేసిన మోషన్ మీద జడ్జి కేసు కొట్టేశాడు. అంటే ఈ అబ్బాయి చేయని నేరాన్ని, చేశాడని రుజువు కాని ఇంకో మనిషి దగ్గర్నుంచి తెచ్చి ఇతనికి అంటగట్టాను. కొట్టేసిన కేసుల్లో చాలావాటికి ఎక్స్‌పంక్షన్ అని కోర్టుని అడిగి రికార్డే లేకుండా చేసుకునే వీలుంది. ఆ ఆరడుగులాయన అడగలేదో, లాయరుకి డబ్బెందుకనుకున్నాడో. పొదుపరి అయి ఉంటాడు.

చెల్లెలికి చెప్పడం ఒక ఎత్తు. అది ఏమీ అనలేదు, ఫోను మా బావగారికిచ్చింది. ఆయన “అందుకే కాయితం అడిగాను బావగారూ” అని మాత్రం అన్నారు. మా మేనకోడలు వేరే మెసేజ్ పెట్టింది: “మావయ్యా, అతను ఏ సంవత్సరం ఎక్కడున్నాడో నన్నడిగితే చెప్పేదాన్నిగా.” అబ్బాయి వాళ్ళమ్మగారు అప్పటికే వేరే సంబంధం ఖాయం చేసుకున్నారు. గుంటూరు దాటిన మాటని వెనక్కి తెచ్చే కిటికీ ఏ కౌంటీలోనూ లేదు. ఇప్పటికీ ఏ పెళ్ళిలోనో ఎవరో ఒకరు, ఆ జైలు కుర్రాడు ఏమయ్యాడండీ అనడుగుతుంటారు.

మా ఆవిడ పక్కన కూర్చుని, నంబరు తనే నొక్కి, ఫోను నా చేతిలో పెట్టింది. అబ్బాయికి క్షమాపణ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అంతా ఏకరువు పెట్టాను. అతను మధ్యలో ఆపి, “కాలిన్ కౌంటీ ఆయనేనా అంకుల్? ఆయన నాకు బాగా తెలుసు” అన్నాడు. కిందటేడు అపార్ట్‌మెంట్ దరఖాస్తు ఆయన మూలంగానే తిరస్కరించారట. స్క్రీనింగ్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఆ ఒక్కచోట దిద్దారు. కంపెనీ మారితే ఆయన మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాడట.

“ఆ కాయితాల్లో ఆయన పుట్టిన తేదీ, ఎత్తు ఉన్నాయన్నారు కదా అంకుల్. నాకు పనికొస్తాయి, పంపిస్తారా? సర్టిఫైడేనా?”

“కాదు బాబూ. మామూలువి. రేపే వెళ్ళి తెస్తాను” అన్నాను.

“వద్దంకుల్, కాజ్ నంబరు చెప్పండి చాలు. నేనే వెళ్ళి తెచ్చుకుంటాను” అన్నాడు కంగారుగా. “మీరు మాత్రం వెళ్ళకండి.”