రెండు న్యూటన్ల కొట్లాట

ఆళ్లగడ్డ పేరెత్తితే సినిమావాళ్లు సుమోలు లేపేవారు. ఇప్పుడక్కడ లేస్తున్నవి గొంతులే. నంద్యాల టీ బంకు దగ్గర బావాబామ్మర్దుల వాదం వినండి. ఒకరిది ఐ20 ఎన్ లైన్, ఇంకొకరిది ఆల్ట్రోజ్ రేసర్.

"నా బండికి రెండు సైలెన్సర్ గొట్టాలుండాయి బావా!"

"ఉంటే ఏమి? నా బానెట్ మీద చారలు చూడు!"

రెండిట్లోనూ టర్బో ఇంజనే, రెండిటికీ 120 గుర్రాల బలమే. టార్క్ మాత్రం ఒకదానికి 172, రెండోదానికి 170 న్యూటన్ మీటర్లు. ఆ రెండు న్యూటన్ల కోసం ఇంట్లో పలకరింపులు బంద్! (పంచాయితీకి పెద్దమనిషి కావలెను. ఆయన స్కార్పియోలో రాకూడదు.)

పోనీ రోడ్డు మీద తేల్చుకుందామంటే, 40వ నంబరు జాతీయ రహదారిపై శిరివెళ్ల దాటేలోపే గొర్రెల మంద, ట్రాక్టరు, రాంగ్ రూట్లో ఆటో. అన్నీ తప్పించుకున్నా, నాలుగు వరుసల రహదారిపై కారుకు కేంద్రం 2018లో పెట్టిన హద్దు గంటకు 100 కిలోమీటర్లు. అంత వేగం పాత డీజిల్ స్విఫ్ట్ కూడా అందుకుంటుంది.

తీర్పు: ఇద్దరూ ఓడారు. గెలిచింది స్టిక్కర్ల షాపువాడు.