పాపం బొగ్గుది, పరిహారం ఎవరికి?

బొగ్గు కాల్చడం పాపమని 2010లో ఢిల్లీకి జ్ఞానోదయమైంది. పాపానికి పరిహారం ఉండాలి కదా, టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు. ఆ డబ్బుతో సూర్యుణ్ని, వాయుదేవుణ్ని కొలువులో పెట్టుకుంటామన్నారు. శుద్ధ ఇంధన సెస్సు అని బారసాల చేశారు. యాభై వందై, వంద రెండు వందలై, 2016 కల్లా నాలుగు వందలైంది. ఆ ఏడే పేరు శుద్ధ పర్యావరణ సెస్సుగా మారింది. మరుసటేడు జీఎస్టీ రాగానే శుద్ధీ పోయింది, పర్యావరణమూ పోయింది. రాష్ట్రాల ఆదాయానికి పడే గండి పూడ్చే ‘పరిహారపు సెస్సు’ అయింది. ఆ తర్వాత కరోనా కాలపు అప్పులు తీర్చే పనికి కుదిరింది. ఇన్నిసార్లు పేరు మార్చిన మనిషైతే ఈపాటికి పోలీస్ స్టేషన్ గోడ మీద ఫొటో ఉండేది.

2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది దాదాపు 86,440 కోట్లు. శుద్ధ ఇంధన నిధి గడప తొక్కింది 29,645 కోట్లు. ప్రాజెక్టులకు అందింది 15,911 కోట్లు. గాలి కోసం వసూలు చేసిన సొమ్ము, ఎక్కువ భాగం గాలికే పోతే తప్పేముంది?

ఇందులో బొగ్గు తవ్వినవాడి ఊరికి ఎంత రాసిపెట్టారని మాత్రం అడగకండి. ఆ ఫారంలో ఆ గడే లేదు. జిల్లా ఖనిజ నిధి ఉంది కదా అని ఓ పెద్దమనిషి గుర్తుచేస్తాడు. ఉంది. గని తవ్వుతున్నన్నాళ్లూ అందులో డబ్బు పడుతుంది, తవ్వకం ఆగితే పడటం ఆగుతుంది. ఆకలి మొదలయ్యే రోజుకు సరిగ్గా గిన్నె బోర్లించే ఏర్పాటు!

ఇక సింగరేణి. ఆ పాపంలో తెలంగాణ రాష్ట్రానిది 51 శాతం వాటా, కేంద్రానిది 49. మసి మాత్రం నూటికి నూరూ కార్మికుడిదే. 2023-24లో కంపెనీ తవ్వింది 7 కోట్ల టన్నులు. నాలుగు వందల చొప్పున గుణిస్తే ఏడాదికి దాదాపు 2,800 కోట్ల సెస్సు. గోదావరిఖని నుంచీ కొత్తగూడెం నుంచీ కాటా మీద తూకమై మరీ వెళ్లిన పుణ్యం అది. తిరిగొచ్చేటప్పుడు ఏ కాటా మీదా తూగలేదు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మస్టర్లు పడేవి. ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల. అప్పటితో పోలిస్తే బొగ్గు మాత్రం మూడింతలు దాటింది. తట్టా చెమ్మస్ పోయి యంత్రాలొచ్చాయి, భూగర్భ గనులు పోయి ఓపెన్ కాస్టులొచ్చాయి, పర్మినెంటు పోయి కాంట్రాక్టు వచ్చింది. కర్బనాన్ని పెంచుతూనే కార్మికుణ్ని తగ్గించిన విద్య ఇది. న్యాయమైన మార్పు ఎలా ఉంటుందో తెలియదు గానీ, న్యాయం లేని మార్పు ఎలా ఉంటుందో చూడాలంటే గనులు ఒక్కొక్కటే మూతపడిన బెల్లంపల్లికి రైలు టికెట్టు చాలు.

2015 పారిస్ ఒప్పందంలో శ్రామికుల కోసం న్యాయమైన పరివర్తన అన్న మాట పెట్టారు. ఎక్కడ? పీఠికలో. పీఠిక ఎవరు చదువుతారు గనక! 2021లో గ్లాస్గోలో మనం 2070 కల్లా నెట్ జీరో అన్నాం. ఈ రోజు ఇరవయ్యేళ్లకు సింగరేణిలో తండ్రి బదులు డిపెండెంట్ ఉద్యోగంలో చేరిన కుర్రాడు 61 ఏళ్లకు దిగిపోయి, పింఛను తీసుకుంటూ ఆ శుభవార్త వింటాడు. అదే క్వారీలో మట్టి లారీ నడిపే కాంట్రాక్టు కుర్రాడికి ఆ బెంగా లేదు. దిగిపోవడానికి ఎక్కించుకున్నదెవరు?

జర్మనీవాళ్లు 2020లో చట్టం చేశారు. 2038 లోపు బొగ్గు మానేస్తాం, ఆ ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల దాకా ఇస్తాం అన్నారు. ఎంత అమాయకులు! డబ్బు పక్కన పెట్టి తర్వాత గని మూస్తారట. మనమైతే ముందు డబ్బు వసూలు చేసి, ఖర్చు పెట్టేసి, ఆ పైన గని సంగతి ఆలోచిస్తాం.

సూర్యుడి వైపు న్యాయముందేమోనని ఎండలోకి వెళ్లాను. మన అనంతపురం సరిహద్దును ఆనుకున్న కర్ణాటక పావగడలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. పొలమున్న రైతుకు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది, రెండేళ్లకోసారి పెరుగుతుంది. కరువు సీమలో అది మంచి బేరమే, కాదనను. ఆ పొలంలో కలుపు తీసిన కూలి మనిషి పేరు ఏ కౌలు కాగితంలో ఉంది? పలకల కింద వేరుశనగ పండదు కాబట్టి కలుపూ లేదు, కూలీ లేదు. ఎండ మాత్రం ఆమెకు ఎప్పటిలాగే ఉచితం.

సెస్సు కథ ముగింపు చెప్పాలి కదా. 2025 సెప్టెంబరు 22న టన్నుకు నాలుగు వందలు ఎత్తేశారు. అదే రోజు నుంచి బొగ్గు మీద జీఎస్టీ 5 శాతం కాస్తా 18 అయింది. ఈసారి దానికి శుద్ధమని పేరు పెట్టే శ్రమ ఎవరూ తీసుకోలేదు.