డబ్బా మూత పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మంత్రాలయంలో కూర్చుని టీక రాయాలంటే ఎవరైనా కాస్త జంకాలి. బాదరాయణుల సూత్రాలకు మధ్వాచార్యులు అనువ్యాఖ్యానం రాశారు. దానికి జయతీర్థులు న్యాయసుధ రాశారు. ఆ సుధకు రాఘవేంద్రస్వామి పరిమళం రాసి పరిమళాచార్యులయ్యారు, 1671లో ఈ తుంగభద్ర గట్టునే బృందావనంలో ప్రవేశించారు. సూత్రంతో కలిపి లెక్కిస్తే నాలుగు మడతలు. రేకు డబ్బా మూత అతుకులో మడతలు ఐదు: మూతవి మూడు, డబ్బావి రెండు. ఆ ఐదో మడత జోలికి ఏ వ్యాఖ్యాతా పోలేదు కనుక నాకింత సాహసం.

సందర్భం: భీమరాయ మా వైపు పిల్లోడు. మామిడి సీజన్లో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలకు మూత బిగించే సీమర్ మిషను దగ్గర హెల్పరుగా చేరాడు. జూన్, జూలైల్లో అక్కడ తోతాపురి కాయ గుజ్జయి, 3.1 కిలోల పెద్ద డబ్బాల్లోకి వేడివేడిగా దిగుతుంది. మిషను ఆగితే గుజ్జు చల్లారుతుంది, మేనేజరు వేడెక్కుతాడు. ఆ తొందరలో హెడ్ మెకానిక్ ఆశువుగా చెప్పింది ఈ పద్యం. కవి చేతికి గ్రీజు ఉన్నదని శైలిని బట్టి ఊహ.

మూలం (ఆటవెలది)

మూత వేసినంత మూసిన దనబోకు
కొక్కె మందకున్న గూడ దతుకు
మొదటి రోలు తప్పు ముదురు రెండవదాన
బిగువు పెంచబోకు భీమరాయ

ప్రతిపదార్థం

భీమరాయ = ఓ భీమరాయా; మూత వేసినంత = మూత పడినంత మాత్రాన; మూసినదనబోకు = డబ్బా మూసుకుందని పలకవద్దు; కొక్కెము = రెండు కొక్కేల్లో ఏదైనా (జాత్యేకవచనం); అందకున్నన్ = రెండోదానికి చిక్కకపోతే; అతుకు కూడదు = అతుకు కలవదు; మొదటి రోలు తప్పు = మొదటి రోలు చేసిన దోషం (రోలనగా పచ్చడి నూరేది కాదు, అంచున గాడి ఉన్న ఉక్కు చక్రం); రెండవదానన్ = రెండో రోలు దగ్గర; ముదురున్ = ముదిరి పాకాన పడుతుంది; బిగువు పెంచబోకు = స్పానరు కింద పెట్టమని ధ్వని.

తాత్పర్యం

భీమరాయా! పైకి మూత కనబడుతోంది కదా అని నమ్మి మోసపోకు. లోపల కొక్కెం కొక్కేన్ని పట్టుకోకపోతే అది అతుకే కాదు. మొదటి రోలు పాపాన్ని రెండో రోలు కడగలేదు.

టీక

తాత్పర్యం నాలుగు ముక్కల్లో తేలిపోయాక టీక ఎందుకని అడిగేవారు సీమర్ దగ్గర ఒక్క షిఫ్టు నిలబడి రావాలి.

"కొక్కెము" అన్నచోట ఆగుదాం. మఠం వీధిలో ఏ అంగట్లోనైనా కూల్‌డ్రింకు డబ్బా కొని, మూత చుట్టూ లేచిన గట్టు మీద గోరు నడపండి. మూడు మిల్లీమీటర్లు కూడా ఎత్తు లేని ఆ గట్టే అతుకు. డబ్బా పై అంచు బయటికి వంగి ఉంటుంది, అది ఫ్లాంజ్. మూత అంచు కిందికి చుట్టుకుని ఉంటుంది, అది కర్ల్. కింద లిఫ్టర్ డబ్బాను పైకెత్తి, మూత గుంటలో కూర్చునే చక్‌కు అదిమి పట్టుకుంటే, మొదటి రోలు పక్క నుంచి వచ్చి కర్ల్‌ను ఫ్లాంజ్ కిందికి తోస్తుంది. మూత కొక్కెం పైకి, డబ్బా కొక్కెం కిందికి తిరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రెండో రోలు చేసేది ఇస్త్రీ మాత్రమే. మూత అంచున ముందే పూసిన రబ్బరులాంటి కాంపౌండ్ సందులన్నీ నింపుతుంది. 1810లో ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకు పేటెంటు పొందిన రోజుల్లో ఈ కొక్కేల గొడవ లేదు, మూతను టంకంతో అతికేవారు. ఈ రెండు కొక్కేల పద్ధతి నిలదొక్కుకున్నది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో.

ఇక పూర్వపక్షం. భీమరాయ అంటాడు: "అన్నా, లీకవుతాంది. రెండో రోలు ఇంగొంచెం బిగిస్తే పోలా?" లీకైన చోట బిగించడం లోకధర్మమే కదా, తప్పేమిటని శంక.

అట్లు కాదు. మొదటి రోలు వదులుగా ఉంటే మూత కొక్కెం పొట్టిదవుతుంది. లిఫ్టర్ ఒత్తిడి తగ్గితే డబ్బా కొక్కెం పొట్టిదవుతుంది. రెండు సందర్భాల్లోనూ కొక్కేలు ఒకదానిపై ఒకటి పడే మేర, అంటే ఓవర్‌ల్యాప్, తరిగిపోతుంది. ఇప్పుడు రెండో రోలు బిగిస్తే అతుకు మందం తగ్గుతుంది, బయటి నుంచి మైక్రోమీటరు పెడితే కొలత సరిగ్గానే ఉందంటుంది. పొట్టి కొక్కెం మాత్రం పొడుగవదు! పైగా నలిగిన రేకు చక్ అంచు మీదికి పొంగి, అతుకు లోపలి వైపు కత్తిలా తేలుతుంది. వేలు పెట్టి చూస్తే చురుక్కుమంటుంది. ముదిరితే అక్కడే తెగుతుంది. లేని లీకు కొత్తగా పుట్టిందన్నమాట. కవి "ముదురు" అన్నది దీన్నే.

మరి రెండో రోలును ఎప్పటికీ ముట్టకూడదా? ఇది ఉత్సర్గం, అంటే సామాన్య సూత్రం; దీనికి అపవాదం, అంటే మినహాయింపు, ఉంది. కొక్కేలు రెండూ నిండుగా ఉండి, అతుకు మందంగా, మూత కొక్కెం మీద ముడతలు లోతుగా కనిపిస్తే దోషం రెండో రోలుదే. అప్పుడు బిగించవచ్చు. పెద్ద చుట్టుకొలత ఉన్న అంచును చిన్న వలయంలోకి తోసినప్పుడు రేకు ముడత పడక తప్పదు, ఆ ముడతను చదును చేయడమే రెండో రోలు పని. అయితే ముడత చూడాలంటే డబ్బా కోయాలి. కోయకుండా బిగించేవాడికి ఈ అపవాదం వర్తించదు.

కోసే విధం ఇది. మూత నడిమి భాగం కత్తిరించి తీసి, అతుకు అంచును కటింగ్ ప్లయరుతో నొక్కి, మూత కొక్కేన్ని మెల్లగా కిందికి తట్టి విడదీయాలి. డబ్బా కొక్కెం, మూత కొక్కెం కొలిచి, రెండూ కలిపి, మూత రేకు మందం చేర్చి, అందులోంచి అతుకు ఎత్తు తీసేస్తే ఓవర్‌ల్యాప్ వస్తుంది. ఒక్కచోట కొలిస్తే చాలదు. వలయం మీద 120 డిగ్రీల ఎడంతో మూడు చోట్ల కొలవాలి. పులుపు తక్కువున్న పదార్థాల డబ్బాల విషయంలో అమెరికా నిబంధనలు సీమర్‌లోని ప్రతి హెడ్డు (మూత బిగించే స్థానం) నుంచీ అరగంటకొక డబ్బాను కంటితో చూడమంటాయి, నాలుగు గంటలకొక డబ్బాను కోసి కొలవమంటాయి. మామిడి గుజ్జు పుల్లనిదే, అయినా కోసే అలవాటు చెడ్డది కాదు.

కవి చెప్పకుండా వదిలేసిన దోషాలు కొన్ని ఉన్నాయి. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి చేసిన ప్రతిజ్ఞ నాకు లేదు కనుక చెబుతాను. అతుకు కింద ఒకచోట జారినట్టు ఉబ్బితే డ్రూప్ అంటారు. రోలును తిట్టేముందు గుజ్జు నింపే ఫిల్లర్ వైపు చూడాలి, ఫ్లాంజ్ మీద గుజ్జు చుక్క పడి మడతలో ఇరుక్కుని ఉంటుంది. వలయంలో కొంత మేర మాత్రమే ఇస్త్రీ పడకపోతే చక్ జారిందని అర్థం. చక్ అరిగిందా, దానికి నూనె అంటిందా, లిఫ్టర్ నీరసించిందా చూసుకోవాలి. అన్నిటికన్నా దొంగది ఫాల్స్ సీమ్. ఖాళీ డబ్బా లారీలో దొర్లి ఫ్లాంజ్ వంగితే, మూత కొక్కెం దాన్ని పట్టుకోకుండా పక్కనే మడిచి పడుకుంటుంది. బయటికి అతుకు నిగనిగలాడుతుంది, లోపల ఎవరికెవరూ ఏమీ కారు. దీనికి రోలును ఎంత తిప్పినా ఫలితం శూన్యం. ఖాళీ డబ్బాలు దించే హమాలీకి చెప్పుకోవాలి.

"భీమరాయ" అనే సంబోధన సాభిప్రాయం. ఏ బోల్టునైనా ఇంకో చుట్టు తిప్పగల కండ ఉన్నవాడికే ఈ ఉపదేశం అవసరం. బలం లేనివాడు ఎలాగూ మెకానిక్‌ను పిలుస్తాడు.

ఇంత చిన్న సందుకు ఇంత రాద్ధాంతమా అంటే, 1964లో స్కాట్లండులోని అబర్డీన్ ఊరి సంగతి వినాలి. అర్జెంటీనా నుంచి వచ్చిన మాంసం డబ్బా ఒకటి అక్కడి దుకాణంలో కోసి అమ్మారు. ఊళ్లో ఐదు వందల మందికి పైగా టైఫాయిడ్ పట్టుకుంది. ఆ డబ్బాను ఉడికించాక శుద్ధి చేయని నది నీళ్లతో చల్లార్చారనీ, కంటికి కనబడని సందులోంచి ఆ నీరు లోపలికి పోయిందనీ తేల్చారు. వేడి డబ్బా చల్లారేటప్పుడు లోపలి ఆవిరి నీరై, గాలి పలచబడి, బయటి తడిని పీల్చుకుంటుంది. అప్పటికి కాంపౌండ్ ఇంకా మెత్తగానే ఉంటుంది. అందుకే చల్లార్చే నీటిలో క్లోరిన్ కలపాలి, తడి డబ్బాను చేత్తో ముట్టకూడదు. తీర్థానికి పనికొచ్చే నీళ్లయినా ఇక్కడ అంతే.

పాఠకులకు ఒక మనవి. అంగట్లో డబ్బా కొనేటప్పుడు తేదీతోపాటు అంచు చుట్టూ కూడా వేలు తిప్పి చూడండి. డబ్బా నడుమున చిన్న సొట్ట ఉంటే పెద్ద ఫరవా లేదు కానీ, అతుకు మీద సొట్ట ఉన్నదాన్ని పక్కన పెట్టేయండి. మూత ఉబ్బిన డబ్బాను కొనవద్దు, ఇంట్లో ఉంటే రుచి కూడా చూడకుండా పారేయండి.