హీటరు పద్యం: సటీకా తాత్పర్యము

మూలము

ఆ.వె. పెద్ద తొట్టి కొఱకు బేరమాడెడి వేళ
రెండు హీటరులను తెండు తెండు
చేయి పెట్టు మునుపు స్విచ్చు నార్పగవలె
థర్మమీట రొకటి దప్పకుండ

అవతారిక: ఈ ఆటవెలది ఏ కావ్యంలోదీ కాదు. హైదరాబాదులో ఒక చేపల దుకాణం యజమాని (పులుసు చేపలు కావు, రంగు చేపలు) నా ప్రశ్నలకు విసిగిపోయి బిల్లు వెనక రాసిచ్చింది. కాళిదాసుకు మెదకు సీమ నుంచి మల్లినాథసూరి దొరికాడు. ఈయనకు నేను దొరికాను. ఎవరి ప్రాప్తం వారిది.

ప్రతిపదార్థము: పెద్ద తొట్టి కొఱకు = నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గలిగి, 250 లీటర్ల పైచిలుకు నీరు పట్టు గాజుతొట్టి నిమిత్తము; బేరమాడెడి వేళ = రేటు తగ్గించమని అంగడివానిని పీడించు సమయమున; రెండు హీటరులను = 150 వాట్లవి రెండింటిని; తెండు తెండు = తెచ్చుకొనుడు, తెచ్చుకొనుడు; చేయి పెట్టు మునుపు = పాచి గోకుటకో, కుళ్లిన ఆకులు ఏరుటకో నీట చేయి ముంచక ముందే; స్విచ్చున్ = గోడమీది మీటను; ఆర్పగవలె = కట్టవలెను; థర్మమీటరు = థర్మామీటరు; ఒకటి = ఒకటి; తప్పకుండ = తప్పకుండా. చివరి మూడింటికీ టీక అక్కర్లేదు గాని, సంప్రదాయం కాదనలేం.

తాత్పర్యము: హీటరును నమ్మి నిద్రపోరాదని కవి భావము.

విశేషములు:

'రెండు' అన్న దగ్గరే పూర్వపక్షం లేస్తుంది. లీటరుకు ఒక వాటు అని చేపలు పెంచేవారి వాడుక లెక్క. ఆ లెక్కన 300 వాట్లది ఒకటి కొంటే పోయేదానికి రెండు ప్లగ్గులూ రెండు వైర్లూ ఎందుకు? నేనూ ఇలాగే వాదించి, ఒకటే కొన్నాను. మామూలు హీటరు లోపల రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. వేడెక్కితే వంగి కరెంటును విడగొడుతుంది, చల్లబడితే మళ్లీ వచ్చి తగులుకుంటుంది. తగిలిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. అలా కాలి కాలి ఒకనాటికి ఆ మొనలు అతుక్కుపోయి ఇక విడిపోవు. గదిలోకి పోయే వేడిని లెక్కలోకి తీసుకోకపోతే, 300 వాట్లు 250 లీటర్ల నీటిని గంటకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున పెంచుతాయి. మా ఇంట్లో ఆ మొనలు ఒక జనవరి రాత్రి అతుక్కున్నాయి. తెల్లారి చూస్తే ఏంజెల్ చేపలు నాలుగూ నీటిపైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. మూడు బతికాయి.

150 వాట్లవి రెండైతే, ఒకటి మొండికేసి వెలుగుతూనే ఉన్నా నీరు కాగే వేగం సగమే. రెండోది తన కొలత రాగానే ఊరుకుంటుంది. ఒకటి చచ్చిపోతే రెండోది తొట్టిని పూర్తిగా చల్లారనివ్వదు. రెండింటినీ ఒకే అంకె మీద పెట్టాలి, లేకుంటే ఒకటే చాకిరీ చేస్తుంది.

'తెండు తెండు' ఆమ్రేడితం. మా బావమరిది ఎలక్ట్రికల్ ఇంజనీరు, వ్యాకరణం ఎరగడు. రెండు రెళ్లు నాలుగు, కాబట్టి నాలుగు హీటర్లని అర్థం చెప్పాడు. తోసిపుచ్చుతున్నాను. మొదటి తెండు ప్రాసయతి కోసం, రెండోది గణం నింపడానికి.

మూడో పాదంలో ఆర్పేది స్విచ్చును కాదు, హీటరును. లక్షణావృత్తి అని సరిపెట్టుకోవాలి. అర్థగౌరవమంతా ఈ పాదంలోనే ఉంది. నీళ్లు మార్చేటప్పుడు మట్టం దిగి, వెలుగుతున్న హీటరు గాలికి తేలుతుంది. కాలిన గాజు మీద చన్నీళ్లు పడితే పగులుతుంది. పగిలిందంటే మీ చెయ్యీ, చేపలూ, 230 వోల్టులూ ఒకే తొట్టిలో ఉన్నట్టు. స్విచ్చు కట్టాక కూడా పావుగంట ఆగి నీళ్లు తోడాలి. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు దానిమీద జారే నీటిబొట్టు ప్లగ్గులోకి పోక నేలమీద పడుతుంది. 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటును తెగ్గొట్టే ఎర్త్ లీకేజీ బ్రేకరు ఇంట్లో ఉండటం ఇంకా మంచిది. ఇవేవీ కవి చెప్పలేదు. ఆటవెలదిలో చోటెంతని?

'థర్మమీటరు'లో దీర్ఘం ఎగిరిపోయింది. ఛందస్సు కోసం చేసిన దోషమని ఎవరైనా అంటారు. నేను ధ్వని అంటాను: అంగట్లో కొన్న పరికరం కూడా ఇలాగే కొంత తగ్గించి చూపుతుందని కవిహృదయం. గాజుకు బయట అంటించే రంగుల పట్టీ నీటి సంగతీ గది సంగతీ కలిపి చెబుతుంది. చలికాలంలో దాన్ని నమ్మరాదు. తీగ చివర ప్రోబు ఉన్న డిజిటలుది మేలు. దాన్నీ పరీక్షించాలి: గ్లాసునిండా దంచిన మంచు వేసి, కాసిని నీళ్లు పోసి, కలిపి ముంచితే సున్నా చూపాలి. నాది సున్నాకు ఒకటిన్నర కింద చూపింది. అంత కలుపుకుని చదువుతున్నాను. పాదరసం గొట్టం జోలికి పోవద్దు. ఇంట్లో జ్వరం చూసేది ఉందిగా అనేవారికి ఒక మాట: అది 35 దగ్గర మొదలవుతుంది. తొట్టిలో అది అంకె చూపిందంటే ఇక పోపు పెట్టుకోవడమే. (సెల్సియస్ మహాశయుడు 1742లో మరిగే నీటికి సున్నా, గడ్డకట్టే నీటికి 100 పెట్టాడు. తరవాతివాళ్లు తిరగేశారు గనక మనం బతికిపోయాం.)

'ఒకటి' ఎక్కడ? హీటర్లను ఫిల్టరు నీరు పారే చోట పెట్టి, థర్మామీటరును అవతలి కొసన అంటించాలి. హీటరు పక్కనే పెట్టడం, పొయ్యి దగ్గర కూర్చున్నవాణ్ణి ఊళ్లో చలెంతుందని అడగడం లాంటిది.

అధికారి నిర్ణయం: గోల్డుఫిష్ పెంచేవారికి ఈ పద్యం అక్కర్లేదు, వాటికి చల్లని నీరే హాయి. ఏంజెల్ చేపలకు 26 చాలు. డిస్కస్ చేపలు 28 నుంచి 30 దాకా అడుగుతాయి. వాటిని పెంచేవారు పద్యంతో పాటు కరెంటు బిల్లు కూడా పారాయణ చేయాలి. విశాఖలో మా చెల్లెలి ఇంట హీటరు ఏడాదిలో ఎక్కువ కాలం అటక మీదే ఉంటుంది.

పాఠకులకు విన్నపం: వెనక పద్యం ఉన్నా లేకున్నా బిల్లు పారేయకండి. గ్యారంటీ ముందువైపునే రాసి ఉంటుంది.