చేతులు కట్టుకొని చేయు కృత్యములు

ప్రాథమిక పాఠశాలయందు బోధన కృత్యములద్వారా జరుగవలెననుటను నేడు కాదను వారెవ్వరును లేరు. అంగీకారము ఇంత సంపూర్ణమైనందుననే కాబోలు, ఆచరణకు తొందర లేకపోయినది. పిల్లవాడు స్వహస్తములతో చేసి నేర్చుకొనవలెనను సిద్ధాంతమునకు భంగము రాకుండ, వాని చేతులకు మాత్రము పని తగులకుండ తరగతి నడుపదలచిన ఉపాధ్యాయుల కొరకును, వారికి సర్వవిధముల తోడ్పడు మావంటి తల్లిదండ్రుల కొరకును ఈ సూచనలు కూర్పబడినవి.

1. సామగ్రిని బీరువాలో పెట్టి తాళము వేయుడు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకము ప్రాథమిక పాఠశాలలకు గదులతోపాటు బోధనోపకరణములను గూడ సమకూర్ప బూనినపుడు, వానిని పిల్లలు వాడినచో అరుగుననియు, అరిగినచో స్టాకు రిజిస్టరులో లెక్క తప్పుననియు గ్రహించిన దూరదర్శులు మనకు మార్గదర్శకులు. భూతద్దము పగిలినచో సంజాయిషీ వ్రాయవలసినది ఉపాధ్యాయుడే. అది ఎవ్వరి చేతికిని అందక ఏండ్ల తరబడి పడియున్నందులకు సంజాయిషీ అడుగువాడు లేడు.

2. కృత్యమును మీరే చేయుడు. నలువది రెండులోనుండి పదునేడు తీసివేయవలసి వచ్చినదనుకొందము. చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టి, నాలుగు కట్టలను, రెండు విడి పుల్లలను పిల్లవాని చేతికిచ్చినచో కలుగు అనర్థము ఇట్టిది: మొదట కొంతసేపు కత్తియుద్ధము జరుగును; పిదప ఒక కట్టలో తొమ్మిదే యున్నవని తగవు పుట్టును; తగవు తీరి పదవ పుల్ల దొరకిన తరువాత, రెండులోనుండి ఏడు పోకుండుట చూచి వాడు తలగోకికొని, ఎవ్వరును చెప్పకయే ఒక కట్ట విప్పి, పండ్రెండు పుల్లలు ముందు పోసికొని, ఏడు తీసి, మిగిలిన మూడు కట్టలలో ఒకటి ప్రక్కకు నెట్టి, ఇరువది యైదని తేల్చును. పీరియడు ముగియును. నల్లబల్లమీదనైతే "పక్కింటికి వెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో" అని అరనిమిషములో తేలిపోవు విషయమిది. అప్పుగా తెచ్చిన ఒకటి దారిలో పది యెట్లయ్యెనో ఏ పిల్లవాడును అడుగడు. కావున పుల్లలను బల్లమీద మీరే విప్పి, మీరే లెక్కించి, "అర్థమైందా?" అని ప్రశ్నించి, తరగతియంతయు ఏకకంఠముతో "అయింది సార్" అనునంతవరకు ఆగుట శ్రేయస్కరము. అయినను, రెండు మూడు తరగతులను ఒక్క గదిలో కూర్చుండబెట్టుకొని, నెలాఖరుకు సిలబసు లెక్క చూపవలసిన ఉపాధ్యాయుని పరిహసించుటకు మనసొప్పదు. పది యనగా నేమో ఆ పిల్లవానికి తెలిసినది తొమ్మిది పుల్లల తగవులోనే యని ఆయనయు ఎరుగును. తగవునకు టైంటేబిల్‌లో చోటు లేదు.

3. పెసలు మొలకెత్తించునపుడు, ఎవ్వరును దినదినము పెకలించి చూడరాదని శాసింపుడు. జిజ్ఞాస మొక్కలకు హానికరము.

4. మట్టిబొమ్మలు చేయింపుడు; యూనిఫారమునకు మట్టి అంటరాదు.

5. 1937లో వార్ధా సమావేశమున గాంధీజీ చేతిపనిని విద్యకు కేంద్రముగా నిలుపుమని కోరిన విషయమును ప్రతి ఉపన్యాసములోను ఉదాహరింపుడు. తకిలి వెంట తేనక్కరలేదు.

6. ఇది తల్లిదండ్రులకు. సౌరకుటుంబపు నమూనా రేపే ఇవ్వవలెనను వార్త రాత్రి భోజనవేళకు బయటపడును. తలుపు మూయబోవుచున్న స్టేషనరీ దుకాణమునకు పరుగెత్తి థర్మోకోలు తెండు. తండ్రి కోయవలెను, తల్లి రంగులు వేయవలెను, విద్యార్థి నిద్రింపవలెను. బ్రిటిష్ సహాయముతో 1980 దశకమున ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము తన ఆరు బోధనసూత్రములలో, పిల్లలు చేసిన పనిని తరగతిలో ప్రదర్శించుటను గూడ చేర్చినది. శనిగ్రహపు వలయము అణువంతైనను వంకర పోకుండ మనము ఆ సూత్రమును పాటించుచున్నాము. మానుదమన్నను మానలేము, ప్రక్కయింటి శని నిగనిగలాడుచు బడికి పోవుచుండగా, మన యింటి శని సొట్టపడి పోవుట ఏ గృహస్థునకు సహ్యము? సొట్టను గూర్చిన ఆ సిగ్గు పిల్లవానిది కాదు, మనది; రెండేండ్లు ఇట్లే తోడ్పడితిమేని వానికిని అబ్బును. అటుపిమ్మట కత్తెర ముట్టుమన్నను వాడు ముట్టడు, "నాకు రాదు, నువ్వే చేసిపెట్టు నాన్నా" అనును. కృత్యాధార బోధనలో వాడు నిజముగా నేర్చుకొనినది ఆ ఒక్క వాక్యమే.

కనుక, పాఠకులారా, ఈ సంవత్సరము వంకర శనినే బడికి పోనిండు. మార్కు తగ్గినచో తగ్గనిండు.