నాకు మారటోరియం, అతనికి మోటారు బంద్

కరోనా లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో, 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలు ఈఎంఐలు వాయిదా వేసుకోవచ్చని చెప్పగానే ఆలస్యం చేయకుండా అర్జీ పెట్టేశాను. నా జీతం ఆగలేదు. అయినా ప్రైవేటు ఉద్యోగం, రేపెలా ఉంటుందోనని భయం. "కష్టకాలంలో బ్యాంకులు ఆమాత్రం ఆగకపోతే ఎలా?" అని మా ఆవిడకు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

హైదరాబాదులో మా ఇంటి పై పోర్షన్‌లో ఉండే అబ్బాయి పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీసేవాడు. నెల తిరక్కముందే కిందికొచ్చాడు. "అంకుల్, సీజన్ బుకింగులన్నీ పోయినయి. అడ్వాన్సులు వాపస్ అడుగుతున్నరు. జర టైమియ్యుండ్రి, కిరాయి కొంచెం కొంచెం కట్టేస్త" అన్నాడు. "నాకూ ఈఎంఐ ఉంది కదయ్యా" అన్నాను. ఆ ఈఎంఐని నేను ఆపుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం మార్చి మొదలు మూడు నెలల అద్దె అడగొద్దంది. టీవీలో అంతవరకు చూసి, అద్దె మాఫీ అయిపోయిందని గుండెలు బాదుకున్నాను. నిజానికి మాఫీ ఏమీ లేదు. తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోమన్నారు, అంతే. ఆ అబ్బాయి అడిగింది అదే. పూర్తిగా చదివితే కదా తెలిసేది! ఉక్రోషం పట్టలేక, పై ట్యాంకుకు బోరు నీళ్లు పొద్దున ఒక్కపూటే వదలడం మొదలుపెట్టాను. మండుటెండలు, పైన చంటిపిల్ల. పైగా కరెంటు బిల్లు పొదుపని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

లాక్‌డౌన్ సడలగానే వాళ్లు ట్రాలీ ఆటోలో సామాను వేసుకుని అతని అత్తగారి ఊరెళ్లిపోయారు. నా దగ్గరున్న రెండు నెలల అడ్వాన్సులో బాకీ పట్టుకొమ్మన్నాడు. తక్కువపడింది తర్వాత పంపించాడు కూడా. మోసం చేస్తాడని నేను కాపలా కాసింది అతణ్ణే!

అసలు నష్టం అప్పుడు మొదలైంది. ఇంటి నుంచే పని కావడంతో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఊళ్లకు పోయారు. మా వీధంతా టులెట్ బోర్డులే. ఇంతలో ఆషాఢం వచ్చింది, ఎవరూ ఇల్లు మారరు. ఆ ఏడు అధిక ఆశ్వయుజం కూడా పడింది. చివరికి దసరా దాటాక, అద్దె తగ్గించి, రంగులు వేయించి ఇస్తే ఒకరు దిగారు. ఆ అబ్బాయి బాకీ అంతా వదిలేసుకుని ఉండనిచ్చినా నాకు ఇంతకంటే మిగిలేది. అటు బ్యాంకువాళ్లు ఆపిన ఈఎంఐల వడ్డీని అసలులో కలిపారు. వడ్డీ మీద వడ్డీని తర్వాత కేంద్రం వెనక్కిచ్చినా, వడ్డీ మాత్రం నేనే మోశాను. వడ్డీ వేసిన బ్యాంకుకు దండం పెట్టి, వడ్డీ లేకుండా వాయిదా అడిగిన మనిషిని తరిమేసిన తెలివి నాది.

మన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నాకంటే నయం. అద్దె బాకీ బుద్ధిపూర్వకంగా ఎగవేసింది కాదని తేలితే, ఖాళీ చేయించకుండా కట్టడానికి పదిహేను రోజుల దాకా గడువివ్వవచ్చంటుంది. సరైన కారణం లేకుండా నీళ్లూ కరెంటూ ఆపకూడదనీ అంటుంది. పెద్ద అద్దెలు ఆ చట్టం కిందికి రావు, నా ఇల్లూ రాదు. కానీ లేనివాడికీ ఎగవేసేవాడికీ తేడా చూడమని చెప్పడానికి చట్టమే కావాలా?

అద్దె మీదే బతికే ఇంటివాళ్లూ ఉన్నారు, వాళ్ల మందుల ఖర్చు ఎవరూ వాయిదా వేయరు. అందుకే అద్దెకుండేవాళ్లు ముఖం చాటేయకుండా, ఆ అబ్బాయిలా నెల తిరక్కముందే చెప్పాలి. ఇంటివాళ్లు కూర్చుని వినాలి. అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలో, మిగతాది ఏ నెల ఎంత కట్టాలో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. బేరం కుదరకపోయినా సరే, నీళ్లు మాత్రం ఆపకండి.