స్వచ్ఛ ఇంధన పాఠం: టీచర్లకు శిక్షణ ఇచ్చేవాళ్లకు ఎనిమిది తలకిందుల సలహాలు

వేసవి సెలవుల్లో మండల కేంద్రంలో సైన్స్ టీచర్లకు శిక్షణ పెడతారు. సోలార్, గాలిమర, బయోగ్యాస్ అన్నిటికీ కలిపి ఒక పూట కేటాయిస్తారు. శిక్షణ ఇచ్చే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) స్లైడ్లు చూపిస్తారు. ముందురోజే సరిచూసుకుని తెచ్చిన నమూనా ఠక్కున వెలుగుతుంది. చప్పట్లు, వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, హాజరు పట్టీలో సంతకాలు. బడి తెరిచాక అదే ప్రయోగం తరగతిలో వెలగదు. ఎందుకు వెలగలేదో టీచరుకు ఎవరూ చెప్పి ఉండరు. మరుసటి ఏడాది ఆ పాఠం బోర్డు మీది బొమ్మగా, నోట్సులోని నాలుగు పాయింట్లుగా మారిపోతుంది.

ఇది ఆగాలంటే శిక్షణ తీరే తిరగబడాలి. కింది సలహాలు మొదట వింటే తప్పుడు సలహాలే అనిపిస్తాయి. ప్రతి ఒక్కటీ మనస్ఫూర్తిగా చెబుతున్నదే, ప్రతిదానికీ కారణం ఉంది.

1. వెలగని బల్బుతో మొదలుపెట్టండి

మొదటి అరగంటలో ఏదీ పనిచేయకూడదు. ఇద్దరేసి టీచర్లకు ఒక చిన్న సోలార్ సెల్లు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, రెండు వైర్లు ఇచ్చి ఎండలోకి పంపండి. వెలగదు. సిలికాన్ సెల్లు ఒక్కటి ఇచ్చేది సుమారు అర వోల్టు. ఎర్ర ఎల్‌ఈడీకి 1.8 వోల్టులైనా కావాలి. ఈ మాట మీరు చెప్పకండి. సెల్లు పగిలిందా, వైరు తెగిందా అని వాళ్లను వెతకనివ్వండి. కాసేపటికి ఎవరో ఒకరు పక్క జట్టు సెల్లు అడిగి కలుపుతారు. రెండు చాలవు, మూడూ చాలవు. నాలుగు కలిపినా వెలగకపోతే ఎల్‌ఈడీ కాళ్లు తిరగేసి చూస్తారు. పొడుగు కాలు ప్లస్ వైపు రాగానే వెలుగుతుంది. శ్రేణి సంధానం అంటే ఏమిటో, ఇంటి మీద పెట్టే ప్యానెల్‌లో అన్ని పదుల సెల్లులు ఎందుకు ఉంటాయో ఇక స్లైడు వేసి చెప్పనక్కర్లేదు. తరగతిలో రేపు పిల్లలు ఎక్కడెక్కడ చిక్కుకుంటారో కూడా టీచరుకు ముందే తెలిసిపోతుంది.

2. మల్టీమీటర్ తప్పుదారి పట్టిస్తుంటే ఆపకండి

ఒక మేడమ్ 6 వోల్టుల చిన్న ప్యానెల్‌కు మల్టీమీటర్ తగిలించి ఎండలో చూస్తారు. 7 వోల్టుల దగ్గర చూపిస్తుంది. వరండా నీడలోకి వచ్చి చూస్తే 5.5 దగ్గర. "నీడలో పెట్టినా పెద్ద తేడా ఏమీ రాదండీ" అని పక్కనున్న సార్‌తో అంటారు, నోటుబుక్కులో రాసుకుంటారు. మీ నోటి దాకా వచ్చిన జవాబును ఆపుకోండి. "అయితే నీడలోనే ఈ బొమ్మకారు మోటారు తిప్పండి మేడమ్" అని మాత్రం అనండి. మోటారు కదలదు.

ఇప్పుడు మల్టీమీటర్ మీటను డీసీ మిల్లీ ఆంపియర్ల వైపు తిప్పమనండి. 1 వాట్ ప్యానెల్ ఎండలో 150 దగ్గర చూపిస్తుంది, వరండాలో ఒంటి అంకెకు పడిపోతుంది. ఏ పనీ చేయని ప్యానెల్‌లో వోల్టేజీ వెలుతురు తగ్గినా అంతగా తగ్గదు. విద్యుత్ ప్రవాహం మాత్రం వెలుతురు ఎంత తగ్గితే అంత తగ్గుతుంది. పనిచేసే సామర్థ్యం రెండింటి లబ్ధం. ఒక్క కొలత చూసి తీర్పు చెప్పకూడదన్నది సైన్స్ బోధనకు పునాది. అది మన మాటల్లో కంటే ఆ కదలని మోటారులోనే బాగా అర్థమవుతుంది.

3. వాతావరణం మొరాయించిన రోజే ఎంచుకోండి

మబ్బు పట్టిందని కార్యక్రమం వాయిదా వేయకండి. నిమిషానికొకసారి రీడింగ్ తీసి గ్రాఫు గీయించండి. మబ్బు వచ్చినప్పుడల్లా గీత ఎలా పడి లేస్తుందో చూస్తే, విద్యుత్ సరఫరాను నడిపే ఇంజినీర్లకు సోలార్‌తో వచ్చే ఇబ్బంది ఏమిటో తెలుస్తుంది.

మే నెల మిట్టమధ్యాహ్నాన్నీ వదులుకోకండి. ఎండ ఎంత మండితే సోలార్ అంత ఎక్కువ ఇస్తుందని టీచర్లలోనూ చాలామంది నమ్ముతారు. ప్యానెల్ మీద రాసే వాట్లు సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. మన వేసవిలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. 25 పైన పెరిగే ఒక్కో డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. అరగంట ఎండలో కాగిన చిన్న ప్యానెల్ వోల్టేజీ చూసి, వెనకవైపు తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలాగి మళ్లీ చూడమనండి. అంకె పెరుగుతుంది. సోలార్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. తడిగుడ్డ తప్ప ఖర్చు లేని ప్రయోగం ఇది.

4. బహుమతి తెచ్చిన ప్రాజెక్టునే అనుమానించండి

సైన్స్ ఫెయిర్లలో రెండు ప్రాజెక్టులు ఏటా కనిపిస్తాయి: నిమ్మకాయ బ్యాటరీ, ఫ్రీ ఎనర్జీ యంత్రం. రెండింటినీ శిక్షణకు రప్పించండి.

జింకు పూత మేకు, రాగి తీగ గుచ్చిన నిమ్మకాయలో వోల్టు దగ్గర వస్తుంది. అదే జతను చింతపండు పులుసులో, మజ్జిగలో, ఉప్పునీళ్లలో పెట్టి చూడమనండి. అటూఇటుగా అంతే వస్తుంది. ఇప్పుడు మళ్లీ నిమ్మకాయే తీసుకుని, మేకు తీసేసి రెండువైపులా రాగి తీగలే గుచ్చమనండి. సున్నాకు దగ్గరైపోతుంది. శక్తి నిమ్మకాయది కాదు, కరిగిపోతున్న జింకుది. ఆ జింకును ఖనిజం నుంచి తీయడానికి ఫ్యాక్టరీలో చాలా కరెంటు ఖర్చయింది. దీన్ని స్వచ్ఛ ఇంధనమని చార్టు మీద రాయడం పిల్లలకు తప్పు నేర్పడమే.

మోటారును జనరేటరుకు బెల్టుతో కలిపి, వచ్చిన కరెంటుతో ఆ మోటారునే తిప్పుతామనే యంత్రం గురించి అడిగిన పిల్లవాణ్ని కసురుకోవద్దని టీచర్లకు గట్టిగా చెప్పండి. కట్టనివ్వాలి. బ్యాటరీ తీసేశాక ఎన్ని సెకన్లు తిరిగిందో వాణ్నే లెక్కపెట్టమనాలి. బేరింగు రాపిడి తగ్గించి మళ్లీ లెక్కపెట్టమనాలి. ఎంత తగ్గించినా ఆగే తీరుతుందని తన చేత్తో తెలుసుకున్న పిల్లవాడు శక్తి నిత్యత్వ నియమాన్ని జన్మలో మరిచిపోడు.

5. ఫ్యాను ముందే గాలిమర పెట్టండి

కరెంటు ఫ్యానుతో గాలిమర తిప్పి కరెంటు తీయడం అర్థంలేని పని అని అభ్యంతరం వస్తుంది. ఆ అభ్యంతరం రావాలనే పెట్టాలి. టేబుల్ ఫ్యాను తీసుకునేది 50 వాట్ల దాకా. అట్టరెక్కల గాలిమర, పాత సీడీ డ్రైవు మోటారు కలిసి ఇచ్చేది చాలాసార్లు వాట్‌లో చిన్న భాగమే. మిగిలింది ఎటు పోయిందని అడగండి.

తర్వాత ఫ్యానును దూరం జరుపుతూ రీడింగ్ తీయించండి. గాలి వేగం సగమైతే గాలిలోని శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రాయలసీమలోని రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు ఎందుకు వెలిశాయో, మన ఊరి బడి మీద పెడితే ఎందుకు తిరగదో ఇక్కడ తేలిపోతుంది. రాయలసీమలో గాలి జోరు నైరుతి రుతుపవనాల నెలల్లో ఎక్కువ. సోలార్ మబ్బుల్లో తగ్గే నెలలూ అవే. రెండింటి నెలవారీ గీతలు ఒకే కాగితం మీద గీయించండి.

6. సోలార్‌ను పొగడకండి, బొగ్గును తిట్టకండి

గోదావరిఖనిలో, కొత్తగూడెంలో, ఇల్లెందులో తరగతి గదిలో కూర్చున్న పిల్లల్లో చాలామంది నాన్నలు సింగరేణి షిఫ్టుకు వెళ్లి వస్తారు. బొగ్గు పాపం, సోలార్ పుణ్యం అనే పాఠం ఆ పిల్లల్ని గాయపరుస్తుంది. అది సైన్సు కూడా కాదు. రామగుండంలో బొగ్గుతో నడిచే ఎన్‌టీపీసీ కేంద్రపు జలాశయం మీదే 100 మెగావాట్ల తేలే సోలార్ ఉంది. రెండూ ఒకేచోట ఎందుకున్నాయో అడిగి చూడండి. మంచి చర్చ నడుస్తుంది.

కష్టమైన ప్రశ్నలు టీచర్ల ముందు పెట్టండి. 2025 మధ్యనాటికి దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే. అయినా ఉత్పత్తిలో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే. ఎలా? లెక్క వేయించండి. 1 కిలోవాట్ సోలార్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. రోజంతా ఆగకుండా నడిచే 1 కిలోవాట్ యంత్రం 24 ఇస్తుంది. కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లంటే రాత్రి ఏడింటికి ఎంత? సున్నా. మరి రాత్రి దీపాలకు ఏం చేయాలి? మిగులు కరెంటుతో నీటిని వెనక్కి ఎత్తి, అవసరమైనప్పుడు కిందికి వదిలే శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ యంత్రాల దాకా సంభాషణ దానంతటదే వెళుతుంది. లోపాలు తెలిసి కూడా సోలార్ కావాలనుకున్న పిల్లలే రేపు దాన్ని బాగుచేస్తారు.

7. కిట్లు విరగనివ్వండి

చాలా బడుల్లో సైన్స్ కిట్టు బీరువాలో తాళం వేసి ఉంటుంది. టీచరు సోమరితనం కాదు కారణం. విరిగితే స్టాక్ రిజిస్టరులో ఏం రాయాలన్న భయం. అందుకే శిక్షణలో ఒక గంట రిజిస్టరుకే ఇవ్వండి. ఎల్‌ఈడీలు, వైర్లు, చిన్న మోటార్లు వాడకంలో అయిపోయే వస్తువులని ఎలా నమోదు చేయాలో హెచ్‌ఎంలను పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి.

ఖరీదైన మోడల్ కొనిపించకండి. 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమంలో పనిచేసిన అరవింద్ గుప్తా ఆ తర్వాత అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబులు, పారేసిన సీసాలతోనే వందల బొమ్మలు చేసి చూపారు. విరిగితే మళ్లీ చేసుకోగలిగిన వస్తువును టీచరు భయం లేకుండా పిల్లల చేతికి ఇస్తారు.

8. తక్కువ నేర్పండి, మళ్లీ పిలవండి

ఐదు రోజుల్లో ముప్పై ప్రయోగాలు చూపించకండి. మూడు చాలు, ప్రతి టీచరూ మొదటి నుంచి చివరిదాకా స్వయంగా చేయాలి. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి చేతులు మారుతూ దిగే శిక్షణలో స్లైడ్లు దిగుతాయి, చేతిపని దిగదు.

1972లో మొదలైన ఆ హోషంగాబాద్ కార్యక్రమం ఈ సంగతిని ముందే గ్రహించింది. అక్కడ టీచర్లు పిల్లల పుస్తకంలోని ప్రయోగాలను శిక్షణలో తామే చేసేవారు. తర్వాత నెలనెలా కలిసి తరగతిలో ఎదురైన ఇబ్బందులు మాట్లాడుకునేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది కానీ ఆ పద్ధతి మనం తీసుకోవచ్చు. మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు అందుకు సిద్ధంగానే ఉన్నాయి. ప్రతి సమావేశానికీ పనిచేయని ప్రయోగం ఒకటి పట్టుకు రమ్మనండి. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి, కలిసి వెతకండి.

ఇక్కడ మాత్రం తలకిందులు వద్దు

గోడ సాకెట్‌లోని 230 వోల్టులతో ఏ ప్రయోగమూ చేయించకండి. బడి పైకప్పు మీది ప్యానెళ్ల కనెక్షన్లు విప్పనివ్వకండి. వాటిని శ్రేణిలో కలిపితే వందల వోల్టులు ఉంటాయి, మెయిన్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపూ ఉంటాయి. పుటాకార దర్పణంతో, భూతద్దంతో చేసే పనుల్లో సూర్యుడి వైపు చూడనివ్వకండి. బయోగ్యాస్ సీసాను తరగతిలో వెలిగించకండి. చిన్న బ్యాటరీలు, చిన్న ప్యానెళ్ల పరిధిలో ఎన్ని తప్పులైనా చేయవచ్చు. ఈ గీత దాటితే ఒక్క తప్పుకూ చోటు లేదు.

ఈ ఏడాది మీ మండలంలో ఎనిమిదీ కుదరకపోతే రెండే పెట్టండి: మొదటి రోజు వెలగని ఎల్‌ఈడీ, చివరి రోజు పోస్ట్ టెస్ట్ కాగితానికి బదులు చెడగొట్టిన సర్క్యూట్. ఒకదానిలో తొడుగు లోపల తెగిన వైరు, ఒకదానిలో తిరగబడిన ఎల్‌ఈడీ, మరోదానిలో ఒక సెల్లు తక్కువ. ఇరవై నిమిషాల్లో లోపం ఎక్కడుందో కనిపెట్టి బాగుచేసిన టీచరు పిల్లల ముందు ధైర్యంగా నిలబడగలరు. కనిపెట్టలేకపోయిన వారికి మార్కులు తగ్గించకండి. మరో పూట ఇవ్వండి, మీరూ పక్కనే కూర్చోండి.